అవతలి సర్వర్‌ను అడిగాకే పంపాలి

మెయిలు పంపే ప్రతి సర్వర్‌కీ ఒక బాధ్యత ఉంది. అవతలి సర్వర్ ఏ రూపాన్ని తీసుకోగలదో ముందు కనుక్కోవాలి, ఆ రూపంలోనే పంపాలి. నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉన్న మాట ఇది. అయినా మన ఊళ్ళలో అమ్ముడయ్యే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో, ల్యాబ్ సాఫ్ట్‌వేర్లలో నేను చూసిన కొన్నింటికి ఈ అడిగే అలవాటే లేదు. ఫైలు చెడిపోయి చేరితే, "అవతలివాళ్ళ సర్వర్ పాతదండీ" అని ఫోను పెట్టేస్తారు. అవతలి సర్వర్ పాతదైనా కొత్తదైనా, అడగకుండా పంపినవాడిదే తప్పు. నేను గట్టిగా నమ్మే ఈ సంగతిని, సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళకూ రాసేవాళ్ళకూ కూడా అర్థమయ్యేలా చెప్పాలని కూర్చున్నాను.

నేను కడపలో కొన్ని చిన్న ఆఫీసులకు మెయిలు, నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. రక్త పరీక్షల ల్యాబ్‌లు, ప్రింటింగ్ ప్రెస్‌లు, ఆడిటర్ల ఆఫీసులు. వీళ్ళలో ఎవరికీ మెయిలును సర్వర్ నుంచి సర్వర్‌కి చేర్చే ఎస్ఎంటీపీ పద్ధతి అంటే తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. పంపిన ఫైలు పంపినట్టే చేరితే చాలు వాళ్ళకు.

ఆ చిన్న కోరిక తీరడం ఎందుకు కష్టమైందో తెలియాలంటే 1982 దాకా వెళ్ళాలి. ఆ ఏడాది ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821లో మెయిలు రవాణా నిబంధనలు వచ్చాయి (ఇంటర్నెట్ నిబంధనల పత్రాలను ఆర్ఎఫ్‌సీలంటారు). అప్పట్లో మెయిలంటే ఇంగ్లిషు రాత. ఒక్కో అక్షరానికి 7 బిట్లు సరిపోతాయి, ఎనిమిదోది సున్నాగా ఉండాలి. ఒక లైను, దాని చివర వచ్చే రెండు గుర్తులతో కలిపి, 1000 అక్షరాలు దాటకూడదు. ఉత్తరం అయిపోయిందని చెప్పాలంటే ఒక లైనులో ఒక్క చుక్క మాత్రమే పెట్టి పంపాలి.

ఈ దారిలో తెలుగు వెళ్తే ఏమవుతుందో చూడండి. కంప్యూటర్లు తెలుగు అక్షరాలను రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 'అ' అంటే మూడు బైట్లు: 224, 176, 133. మూడింటిలోనూ ఎనిమిదో బిట్ 1గానే ఉంది. ఆ బిట్‌ను కోసేసే సర్వర్ మధ్యలో తగిలితే మిగిలేవి 96, 48, 5. అంటే ఒక వాలు కోట్ గుర్తు, ఒక సున్నా, తెర మీద కనబడని ఒక కంట్రోల్ గుర్తు. తెలుగు అక్షరాలన్నీ 224తోనే మొదలవుతాయి కాబట్టి ఉత్తరం నిండా ఆ కోట్ గుర్తులే మిగులుతాయి. చదివేవాడికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

బొమ్మలకూ ఇదే గతి. పీఎన్‌జీ ఫార్మాట్ తయారుచేసినవాళ్ళకు ఈ ప్రమాదం ఎంత బాగా తెలుసో ఆ ఫైలులోని మొదటి ఎనిమిది బైట్లు చూస్తే తెలుస్తుంది: 137, 80, 78, 71, 13, 10, 26, 10. దారిలో ఎనిమిదో బిట్ పోతే 137 కాస్తా 9 అవుతుంది, ఫైలు చెడిందని వెంటనే తెలిసిపోతుంది. 13, 10 పక్కపక్కన ఉన్నది లైను చివరి గుర్తులను ఎవరైనా మార్చారేమో పట్టుకోవడానికి. చివరి ఒంటరి 10 దాన్ని తిరగేసి మార్చేవాళ్ళను పట్టుకోవడానికి. ఫైలు మొదట్లోనే ఇంత కాపలా పెట్టుకోవాల్సి వచ్చిందంటే, ఆ రోజుల్లో దారులు ఎంత నమ్మలేనివో ఆలోచించండి.

1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ పద్ధతిని తెచ్చారు. దారిని మార్చలేం కాబట్టి సరుకును మార్చి పంపుదాం అన్నారు. బేస్64 అందులో భాగమే. ప్రతి మూడు బైట్లనూ నాలుగు మామూలు అక్షరాలుగా రాస్తుంది. 57 బైట్లు 76 అక్షరాల లైనుగా మారి, లైను చివరి రెండు గుర్తులతో 78 అవుతాయి. అంటే 10 ఎంబీ ఫైలు దారిలో దాదాపు 13.7 ఎంబీ. కోటెడ్ ప్రింటబుల్ అని ఇంకొకటి ఉంది, అది ఇంగ్లిషుకు బాగుంటుంది గానీ మనకు పనికిరాదు. 'తెలుగు' అనే మాట యూనికోడ్‌లో ఆరు గుర్తులు, 18 బైట్లు. బేస్64లో 24 అక్షరాలతో సరిపోతుంది, కోటెడ్ ప్రింటబుల్‌లో 54 కావాలి. తెలుగు ఉత్తరాలు పంపే ప్రోగ్రాము రాసేవాళ్ళు ఈ ఒక్క లెక్క గుర్తుంచుకున్నా మేలే.

మైమ్ వచ్చిన మరుసటి ఏడాదే, 1993లో, దారి సంగతి కూడా పట్టించుకున్నారు. సర్వర్లు ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునే పద్ధతి అప్పుడు వచ్చింది. పాత 'హెలో' (HELO) కమాండ్ బదులు 'ఈహెలో' (EHLO) అని పలకరిస్తే, అవతలి సర్వర్ తనకు చేతనైన అదనపు పనులన్నీ ఒక్కో లైనులో ఒక్కో పేరుగా చెబుతుంది. నా దృష్టిలో మెయిలు చరిత్రలో ఇంత తెలివైన మార్పు ఇంకొకటి లేదు. పాత సర్వర్‌ను ఎవరూ తరిమెయ్యలేదు, కొత్తదాన్ని ఎవరూ ఆపలేదు. పని మొదలయ్యే ముందు అడగమన్నారు, అంతే.

ఆ జాబితాలో బైనరీ సంగతి వెతికేటప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా పొరబడే చోటు ఒకటుంది. మూడు పేర్లు కనిపిస్తాయి: 8బిట్‌మైమ్, చంకింగ్, బైనరీమైమ్. మూడూ ఒకటే అనుకుంటారు, లేదా ఒకటుంటే మిగతావి ఉన్నట్టే అనుకుంటారు.

8బిట్‌మైమ్ ఉందంటే ఎనిమిదో బిట్‌ను ముట్టుకోనని ఆ సర్వర్ మాట ఇచ్చినట్టు. తెలుగు ఉత్తరం రాసింది రాసినట్టే వెళ్తుంది. అయితే లైన్ల లెక్క అలాగే ఉంటుంది. లైనులో 998 బైట్లకు మించి ఉండకూడదు, 13, 10 జంటగానే రావాలి, సున్నా బైటు అసలు రాకూడదు. పీడీఎఫ్, ఫొటో, పేజ్‌మేకర్ ఫైలు ఇవేవీ ఈ షరతులకు లోబడవు. వాటిలో ఏ బైటు తర్వాత ఏ బైటైనా రావచ్చు. బైనరీ అంటే అర్థమే అది.

చంకింగ్ ఉత్తరాన్ని అప్పగించే తీరుకు సంబంధించినది. పాత 'డేటా' కమాండ్‌లో ముగింపు కోసం చుక్క ఉన్న లైనును వెతకాలి. చంకింగ్‌లో 'బీడాట్' అనే కమాండ్ ఉంటుంది. "ఇదిగో 40,000 బైట్లు ఇస్తున్నాను" అని ముందే చెప్పి సరిగ్గా అన్నే ఇస్తుంది, ఆర్టీసీ కార్గోలో మూట వేసేటప్పుడు బరువు ముందే రాయించినట్టు. లోపల చుక్క ఉందా, లైను ఎక్కడ తెగింది అని ఎవరూ వెతకనక్కర్లేదు. చివరి ముక్కకు 'లాస్ట్' అని చేరుస్తారు. చుక్కను నమ్ముకోవడంలో ఉన్న ప్రమాదం 2023 డిసెంబర్‌లో అందరికీ తెలిసొచ్చింది. ఎస్ఎంటీపీ స్మగ్లింగ్ అనే దాడి బయటపడింది. ఉత్తరం ముగిసే చోటును రెండు సర్వర్లు రెండు రకాలుగా అర్థం చేసుకుంటే, ఒక ఉత్తరం కడుపులో ఇంకో దొంగ ఉత్తరాన్ని దాచి పంపవచ్చని పరిశోధకులు చూపించారు.

బైనరీమైమ్ ఈ రెండింటికన్నా పెద్ద హామీ. ఉత్తరంలో ఏ బైటు ఎక్కడున్నా దేన్నీ మార్చకుండా తీసుకుంటానని అర్థం. దీన్ని వాడాలంటే పంపేవారి చిరునామా చెప్పే మెయిల్ ఫ్రమ్ లైనులోనే ఇది బైనరీ ఉత్తరమని ప్రకటించాలి, డేటా కాకుండా బీడాట్‌తోనే పంపాలి. కాబట్టి బైనరీమైమ్‌కి చంకింగ్ తప్పనిసరి. చంకింగ్‌కి మాత్రం బైనరీమైమ్ అక్కర్లేదు. ఇవి రెండూ ఒకే పత్రంలో ఉంటాయి, 2000 డిసెంబర్ నాటి ఆర్ఎఫ్‌సీ 3030లో. అందుకే కాబోలు జంటగానే ఉంటాయనుకుంటారు.

ఉండవు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిలు సర్వర్ సాఫ్ట్‌వేర్ 2019లో 3.4 వెర్షన్‌తో చంకింగ్ తెచ్చింది, బైనరీమైమ్ తేలేదు. జీమెయిల్ సర్వర్లను పలకరిస్తే 8బిట్‌మైమ్, చంకింగ్ చెబుతాయి, నేను చూసినంతవరకు బైనరీమైమ్ చెప్పలేదు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లు మూడూ చెబుతాయి. ఒక చిన్న ల్యాబ్ రోజూ మెయిలు పంపే డాక్టర్లలో ఈ రెండు రకాలవాళ్ళూ ఉంటారు. ఒకరికి సరిపడేది ఇంకొకరికి సరిపడదు.

మా ఊళ్ళో ఒక ల్యాబ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. ఏడురోడ్ల దగ్గర ఉండే ఆ ల్యాబ్‌కి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. రిపోర్టు పీడీఎఫ్‌గా తయారై నేరుగా డాక్టరుకు మెయిలు వెళ్తుంది. కొన్నాళ్ళకు ల్యాబ్ నడిపే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మెయిల్ పోయిందంటాంది సిస్టమ్. డాక్టరేమో ఫైలు తెరుచుకోలేదంటాండాడు." జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన రిపోర్టు అది. ఆయన అప్పటికే తిరుపతిలో డాక్టరు గది బయట కూర్చుని ఉన్నాడు. ఫైలు తెరుచుకోకపోయేసరికి అక్కడ మళ్ళీ రక్తం ఇచ్చి, మళ్ళీ డబ్బు కట్టి, ఒక రోజు ఆగిపోయాడు.

పంపిన ఫైలునూ చేరిన ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాను. చేరినది కాస్త పెద్దది. అసలు ఫైలులో ఒంటరిగా ఉన్న 10లు చేరినదానిలో 13, 10 జంటలయ్యాయి. పొడవైన వరుసలు మధ్యలో విరిగాయి. పీడీఎఫ్ చివర ఒక పట్టిక ఉంటుంది, ఏ వస్తువు మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో అందులో రాసి ఉంటుంది. మధ్యలో ఒక్క బైటు అదనంగా చేరినా ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి. లోపల కుదించి దాచిన భాగాలైతే ఇక విప్పడానికే రావు.

కారణం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు తమ ఆఫీసులో బైనరీమైమ్ ఉన్న సర్వర్ మీద పరీక్షించుకున్నారు. ల్యాబ్ వాడే రిలే, అంటే దాని మెయిళ్ళను తీసుకుని ముందుకు పంపే సర్వర్, చంకింగ్ ఒక్కటే చెబుతోంది. వాళ్ళ ప్రోగ్రాము చంకింగ్ అనే మాట చూడగానే పచ్చి బైట్లను బీడాట్‌లో పెట్టి పంపేస్తోంది, బైనరీ అని ప్రకటించడం కూడా లేదు. రిలే దాన్ని మామూలు లైన్ల ఉత్తరమే అనుకుని, లైన్ల ఉత్తరానికి చేయాల్సినవన్నీ చేసింది. రిలే తప్పు ఇందులో ఏమీ లేదు. తనకు చేతకానిది చేస్తానని అది ఎక్కడా చెప్పలేదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆ ఉత్తరం తిరిగి రాకపోవడం. తిరిగి వచ్చి ఉంటే ల్యాబ్‌వాళ్ళకు తెలిసేది, ప్రింటు తీసి పెద్దాయన చేతికి ఇచ్చేవాళ్ళు. సర్వర్ ఒప్పుకోని రూపం ఎదురైతే రెండే దారులని ఆర్ఎఫ్‌సీ 3030 చెబుతుంది: మార్చి పంపాలి, లేదా పంపలేకపోయానని చెప్పాలి. ఇక్కడ రెండూ జరగలేదు. కడపలో ఉండి ఈ మాట ఇంకాస్త గట్టిగా అనాలనిపిస్తుంది. 1820లో ఈ ఊరికి వచ్చిన సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, వాటిని పోల్చి చూసి సరైన పాఠం తేల్పించేవాడు. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున భాషా పరిశోధన కేంద్రం ఉంది. లేఖకుడి చేయి తప్పితే సరిచూడడానికి ఆయనకు ఇంకో ప్రతి ఉండేది. తిరుపతిలో డాక్టరు చేతిలో ఉన్నది ఒక్కటే.

అవతలి సర్వర్‌ను మనమే స్వయంగా అడిగి చూడొచ్చు. పెద్ద విద్యేమీ కాదు. అవతలి డొమైన్‌కి మెయిలు తీసుకునే సర్వర్ల పేర్లు ఎంఎక్స్ రికార్డులో ఉంటాయి. విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్, లినక్స్‌లో డిగ్ వాడితే వస్తాయి. పక్కన ఉన్న సంఖ్య ఎంత చిన్నదైతే అంత ముందు. ఒకటికంటే ఎక్కువ ఉంటే అన్నింటినీ చూడండి, అవన్నీ ఒకే జవాబు ఇవ్వాలని లేదు. సర్వర్లు మెయిలు ఇచ్చిపుచ్చుకునే 25వ పోర్టు ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో మూసి ఉండడం మామూలే కాబట్టి, ఈ పరీక్ష మెయిలు పంపే సర్వర్ నుంచే చేయాలి. మీ మెయిలు వేరే రిలే ద్వారా వెళ్తుంటే మీరు అడగాల్సింది ఆ రిలేను. డాక్టరుగారి సర్వర్‌ను అడగడం ఆ రిలే పని.

టెల్నెట్‌తో 25వ పోర్టుకు వెళ్తే 220 అంకెతో పలకరింపు వస్తుంది. ఈహెలో అని కొట్టి పక్కన మీ సర్వర్ పేరు ఇవ్వండి. 250తో మొదలయ్యే లైన్లు వరుసగా వస్తాయి. అంకె పక్కన అడ్డగీత ఉంటే ఇంకా ఉన్నాయని, ఖాళీ ఉంటే అదే చివరిదని అర్థం. అందులో బైనరీమైమ్, చంకింగ్ రెండూ కనిపిస్తేనే బైనరీ పంపవచ్చు. జాబితాకు బదులు 500 గానీ 502 గానీ వస్తే ఆ సర్వర్‌కి ఈహెలో తెలియదు. హెలోతో పలకరించి, 7 బిట్ల ఉత్తరమే ఇవ్వాలి.

ఇక్కడితో ఆగకండి. జాబితాలో స్టార్ట్‌టీఎల్ఎస్ (కనెక్షన్‌ను టీఎల్ఎస్ పద్ధతిలో గుప్తీకరించే ఏర్పాటు) ఉంటే, ఆ గుప్తీకరణ మొదలయ్యాక పాత జాబితాను పారేసి మళ్ళీ ఈహెలో చెప్పాలన్నది నియమం. రెండో జాబితా మొదటిదానికంటే వేరుగా ఉండొచ్చు, లెక్కలోకి వచ్చేది అదే. దీనికి ఓపెన్ఎస్ఎస్ఎల్‌లోని ఎస్-క్లయింట్ వాడాలి. అందులో లైనును పెద్ద 'ఆర్' అక్షరంతో గానీ 'క్యూ' అక్షరంతో గానీ మొదలుపెడితే ఆ ప్రోగ్రామే దాన్ని తన కమాండ్‌గా తీసుకుంటుంది. చిన్న అక్షరాల్లో కొట్టండి, ఎస్ఎంటీపీకి ఆ తేడా లేదు. మధ్యలో ఉండే కొన్ని పాత ఫైర్‌వాల్‌లు ఈ జాబితాలోని పేర్లను ఎక్స్ గుర్తులతో కప్పేస్తాయి. అలా కనబడితే ఆ సామర్థ్యం లేనట్టే లెక్కవేయండి. చూడడం అయ్యాక క్విట్ చెప్పి బయటికి రండి. తెలియని సర్వర్ మీదకు పరీక్ష కోసం బైనరీ ఉత్తరాలు విసరడం, పదేపదే పలకరించడం పద్ధతి కాదు. వాళ్ళు మన చిరునామాను అడ్డుకుంటే నష్టం మనకే.

చేత్తో చేసే ఈ పరీక్ష గొడవ ఎక్కడుందో కనుక్కోవడానికి పనికొస్తుంది. ప్రోగ్రాము మాత్రం దీని ఫలితాన్ని రాసిపెట్టుకుని నమ్మకూడదు. సర్వర్ ఇచ్చిన జవాబు ఆ కనెక్షన్ వరకే. రేపు సాఫ్ట్‌వేర్ మారొచ్చు, ఎంఎక్స్ మారొచ్చు. పైగా ఆ జవాబు ఒక్క అడుగు దూరానిదే. బైనరీని తీసుకున్న సర్వర్ దాన్ని ఇంకో సర్వర్‌కి ఇవ్వాలి, ఆ సర్వర్ వద్దంటే తనే మార్చాలి, లేదా తిప్పి పంపాలి. తిరిగొచ్చిన ఉత్తరంలో 5.6.3 అనే కోడ్ కనిపిస్తే అర్థం అదే: మార్చాల్సిన అవసరం పడింది, మార్చడం రాలేదు.

ఇంత తంటా ఎందుకు, అంతా బేస్64లోనే పంపేస్తే పోలా అని నా స్నేహితుడొకడు వాదిస్తాడు. చిన్న ఆఫీసు విషయంలో అతనిదే సరైన మాట. ల్యాబ్ రిపోర్టులకూ, బిల్లులకూ బేస్64నే పెట్టమని నేనూ చెబుతాను. మూడో వంతు పైన బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి. సంతకం చేసి పంపే ఉత్తరాలకైతే ఇంకో దారి ఆలోచించను కూడా. పంపే డొమైన్ తరఫున సర్వర్ చేసే డీకిమ్ సంతకం అయ్యాక దారిలో ఎవరైనా రూపం మారిస్తే ఆ సంతకం చెల్లదు, అందుకే ముందే మార్చుకుని ఆ తర్వాత సంతకం చేయమని ఆర్ఎఫ్‌సీ 6376 సలహా ఇస్తుంది. మీవే అయిన రెండు సర్వర్ల మధ్య రోజంతా పెద్ద స్కాన్లు తిరిగే చోట మాత్రం బైనరీమైమ్ నిజంగా లాభం, అక్కడ వాడండి.

కానీ బేస్64 వాడినంత మాత్రాన అడిగే పని తప్పిపోదు. సైజ్ అనే మాట అదే జాబితాలో ఉంటుంది. సర్వర్ 25 ఎంబీ హద్దు చెప్పిందంటే అది మారిన తర్వాతి బరువుకు. అసలు ఫైలు 18 ఎంబీ దాటితే ఇక లోపలికి పోదు. పెళ్ళి పత్రికల డిజైన్లు పంపే ప్రెస్ కుర్రాళ్ళకు ఈ తేడా తెలియక, 20 ఎంబీ ఫైలు ఎందుకు తిరిగొస్తోందో అర్థం కాక గంటలు పోతాయి. ఉత్తరం బరువు ఎంతో మెయిల్ ఫ్రమ్ లైనులోనే చెబితే, సర్వర్ అప్పుడే కాదనగలదు. మొత్తం ఎక్కించాక కాదనిపించుకునే బాధ ఉండదు.

ఇంకో సంగతి తెలుగువాళ్ళకు మరీ ముఖ్యం. డాట్ భారత్ డొమైన్ తెలుగు లిపిలో ఉంది కదా, ఆ చిరునామాలో పేరు కూడా తెలుగులో పెట్టుకుంటే అవతలి సర్వర్ జాబితాలో ఎస్ఎంటీపీయూటీఎఫ్8 ఉండి తీరాలి. 2012లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6531 దీనికి ఆధారం. బైనరీ ఫైలును కాదంటే బేస్64 ఉంది. తెలుగు పేరున్న చిరునామాను కాదంటే దారిలో మార్చి పంపే వీలే లేదు, ఉత్తరం వెనక్కి రావాల్సిందే. మన లిపిలో మెయిలు చిరునామాలు రావాలని కోరుకునేవాళ్ళు, సర్వర్లు నడిపేవాళ్ళను ముందు ఈ ఒక్క మాట గురించి నిలదీయాలి.

ల్యాబ్‌కైనా ప్రెస్‌కైనా మెయిలు పంపే సాఫ్ట్‌వేర్ కొంటున్నవాళ్ళు అమ్మేవాళ్ళను మూడు విషయాలు అడగండి. ప్రతి కనెక్షన్‌లో, టీఎల్ఎస్ తర్వాత కూడా, ఈహెలో జాబితా చదివి దాని ప్రకారమే పంపుతుందా? బైనరీమైమ్ లేనిచోట ఏం చేస్తుంది? ఉత్తరం తిరిగొస్తే ఆ సంగతి కౌంటర్‌లో కూర్చున్న మనిషికి అదే రోజు ఎలా తెలుస్తుంది? జవాబులు రాతలో తీసుకున్నాకే ఏఎంసీ డబ్బులు కట్టండి.